కానుకను కాదనే హక్కు

1912లో న్యూయార్క్‌లో పనికిరాని కానుకలను అరికట్టడానికంటూ ఒక సంఘం పుట్టింది. పేరు వింటే నవ్వొస్తుంది గానీ, అది ఎవరి కష్టంలోంచి పుట్టిందో చదివినప్పుడు నాకు నవ్వు ఆగిపోయింది.

పెద్ద పెద్ద దుకాణాల్లో పనిచేసే ఆడపిల్లలు క్రిస్మస్ వచ్చిందంటే పై అధికారులకు కానుకలు కొనడానికి తలా ఇంత వేసుకోవాల్సి వచ్చేది. పండగ రద్దీలో గంటల తరబడి నిలబడి సంపాదించిన కొద్దిపాటి జీతంలోంచే అది పోవాలి. ఒక్కతే "నేనివ్వను" అంటే పొగరంటారు. అందరూ కలిసి అంటే? అందుకే సంఘం. సభ్యత్వం పది సెంట్లు.

దీన్ని నిలబెట్టినవాళ్ళు ఎలినార్ రాబ్సన్ బెల్మాంట్, ఆన్ మోర్గన్. మొదటావిడ 1910లో పెళ్ళితో రంగస్థలం వదిలేసిన ప్రసిద్ధ నటి. రెండో ఆమె బ్యాంకర్ జె.పి. మోర్గన్ కూతురు. ఆన్ 1909లో బట్టలు కుట్టే స్త్రీల సమ్మెకు అండగా నిలిచింది. సోషలిస్టుల మాటలు మింగుడుపడక 1910 జనవరికల్లా విమర్శకు దిగింది. యజమానిని నిలదీయడం కన్నా కానుక మానమనడం ధనిక స్త్రీలకు తేలికని ఇక్కడ మనం గమనించాలి. 1912 డిసెంబర్‌లో మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ కూడా చేరాడు. ఈనాడు ఆ సంఘం గురించి రాసేవాళ్ళు ఈ ముగ్గురినీ తలుచుకుంటారు. చందాలు కట్టిన అమ్మాయిల పేర్లు మాత్రం వినబడవు.

ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగివ్వడం మూడూ తప్పించుకోలేని బాధ్యతలేనని మార్సెల్ మాస్ 1925లో రాశాడు. మన పెళ్ళిళ్ళలో చదివింపుల పుస్తకం చూసినవాళ్ళకి ఇది కొత్త సంగతేం కాదు. ఎవరెంత చదివించారో రాసిపెట్టుకుని, వాళ్ళింటి శుభకార్యానికి అంతకు తగ్గకుండా పెట్టాలి. కుట్టించుకోకుండానే చేతులు మారే రవికె గుడ్డలు, పేర్లు చెక్కిన స్టీలు గిన్నెలు, గృహప్రవేశానికి వచ్చిపడే గోడ గడియారాలు - ఇవన్నీ ఆ లెక్కల తాలూకు మిగులే. లెక్క గుర్తుపెట్టుకునేదీ, కొనేదీ, సర్దేదీ, తేడా వస్తే మాటపడేదీ ఎక్కువగా ఆడవాళ్ళే.

అందుకే "తక్కువ కొనండి, ఇల్లు తేలిగ్గా ఉంచుకోండి" అన్న సలహా నాకు సగమే అనిపిస్తుంది. కోడలు ఒక్కతే వద్దంటే పిసినారి అవుతుంది. అదే అక్కచెల్లెళ్ళు, తోడికోడళ్ళు, స్నేహితులు ముందే కూర్చుని అనుకుంటే అది ఒక కట్టుబాటవుతుంది. ఏం కావాలని అడిగి ఇవ్వచ్చు. ఒక పుస్తకం, పత్రికకి ఏడాది చందా, బాలింత ఇంట్లో వారం రోజుల వంట, ఆసుపత్రిలో ఒక రాత్రి తోడు. వీటికి బీరువాలో చోటక్కర్లేదు.

ఇవ్వకపోయినా సంబంధం చెడదన్న భరోసా ఉన్నచోటే కానుకలో ప్రేమ ఉంటుంది. ఆ భరోసా లేనిచోట అది పన్నే.