గాలి కోటల వెనుక గణితం: పిల్లల ఆటనిర్మాణాల రూపకల్పనలో రాయ్‌పూర్ నేల, ఎండ, ఈదురుగాలి చెప్పే పాఠాలు

రాయ్‌పూర్: తిరునాళ్లలో, ఎగ్జిబిషన్లలో, పుట్టినరోజు వేడుకల్లో రంగురంగుల గాలి కోటలు నేడు సర్వసాధారణ దృశ్యం. పిల్లలు వాటిని ‘మిక్కీమౌస్’ అంటారు. అద్దెకిచ్చేవారు ‘జంపింగ్ కాజిల్’ అంటారు. పేరేదైనా సూత్రం ఒక్కటే: దళసరి గుడ్డతో కుట్టిన సంచిలోకి విద్యుత్ బ్లోయర్ నిరంతరం గాలిని పంపుతుంది; ఆ గాలి ఒత్తిడే స్తంభంగా, గోడగా, నేలగా నిలుస్తుంది. చూడటానికి బొమ్మలా ఉన్నా, ఇంజినీరింగ్ దృష్టిలో ఇది మనుషుల బరువును మోసే తాత్కాలిక కట్టడం. పిల్లల ప్రాణాలతో ముడివడిన కట్టడం కనుక దీని రూపకల్పనకు కచ్చితమైన లెక్కలు అవసరం.

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్ ఈ లెక్కలను అర్థం చేసుకోవడానికి అనువైన చోటు. ఖారున్ నది ఒడ్డున మహాదేవ్ ఘాట్‌లో కార్తిక పూర్ణిమ మేళా, నగరానికి సుమారు 45 కిలోమీటర్ల దూరంలోని రాజింలో మాఘ పూర్ణిమ నుంచి మహాశివరాత్రి వరకు జరిగే మేళా, నవంబరు 1న రాష్ట్ర అవతరణ సందర్భంగా రాజ్యోత్సవం వంటి వేడుకలకు ఇక్కడ కొదవ లేదు. రైల్వే, ఉక్కు పరిశ్రమ, వ్యాపారాల వల్ల రాయ్‌పూర్, భిలాయి పట్టణాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఈ మేళాలు సుపరిచితాలు. మరోవైపు మండే వేసవి, రుతుపవనాలకు ముందు హఠాత్తుగా విరుచుకుపడే ఈదురుగాలులు, అడుగడుగునా స్వభావం మార్చుకునే నేల ఇక్కడి ప్రత్యేకతలు. గాలి నిర్మాణాన్ని పరీక్షించేవి ఈ మూడే.

టెన్నిస్ కోర్టు కప్పు నుంచి ఆటస్థలానికి

గాలి ఒత్తిడితో నిలిచే కట్టడాలు మొదట పిల్లల కోసం పుట్టలేదు. రెండో ప్రపంచ యుద్ధానంతరం అమెరికాలో రాడార్ పరికరాలను మంచు, గాలి నుంచి కాపాడేందుకు ఇంజినీరు వాల్టర్ బర్డ్ గాలి గుమ్మటాలను రూపొందించారు. 1950ల చివర్లో లూసియానా రాష్ట్రంలోని ష్రీవ్‌పోర్ట్‌కు చెందిన జాన్ స్కర్లాక్ టెన్నిస్ కోర్టులకు గాలి కప్పులు తయారు చేస్తుండగా, వాటి మీద ఎగిరి గంతులు వేస్తూ ఆనందిస్తున్న తన సిబ్బందిని గమనించారు. ఆ గమనికే గాలి పరుపు ఆటకు మూలం. తొలినాటి నిర్మాణాలకు చుట్టూ గోడలు ఉండేవి కావు. పిల్లలు అంచుల నుంచి జారిపడకుండా గోడలు, ఆపైన కోట బురుజులు తరువాతి కాలంలో వచ్చి చేరాయి. 1970లో జపాన్‌లోని ఒసాకాలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో వాస్తుశిల్పి యుతాకా మురాతా రూపొందించిన ఫుజీ మండపం, భారీ గాలి గొట్టాలతోనే ఒక భవనాన్ని నిలబెట్టవచ్చని చాటింది.

పది సెంటీమీటర్ల నీటితో సమానమైన బలం

గాలి కోట లోపలి ఒత్తిడి మనం ఊహించుకునేంత ఎక్కువ కాదు. ఆటనిర్మాణంలో కనీసం 1 కిలోపాస్కల్ ఒత్తిడి ఉండాలన్నది బ్రిటన్‌లో తనిఖీదారులు పాటించే నియమం. ఇది పది సెంటీమీటర్ల ఎత్తు నీరు కలిగించే ఒత్తిడితో సమానం. సైకిల్ టైరులో దీనికి వందల రెట్లు ఒత్తిడి ఉంటుంది.

ఇంత స్వల్ప ఒత్తిడి పిల్లవాడిని ఎలా మోస్తుంది? 25 కిలోల బరువున్న బాలుడు రెండు పాదాల మీద నిలబడితే పాదాల కింద ఒత్తిడి దాదాపు 10 కిలోపాస్కల్స్ ఉంటుంది. లోపలి గాలి కంటే ఇది పది రెట్లు ఎక్కువ. అందువల్ల పరుపు కుంగుతుంది. కుంగుతున్న కొద్దీ బరువు విశాలమైన వైశాల్యం మీదికి పరచుకుంటుంది. స్థూలంగా అర మీటరు భుజం గల చతురస్రమంత మేర గాలి ఆ బరువును పంచుకున్నప్పుడు బాలుడు నిలదొక్కుకుంటాడు. గుడ్డలోని బిగువు కూడా ఇందుకు తోడ్పడుతుంది.

ఈ లెక్కలోనే ఒక హెచ్చరిక ఉంది. 80 కిలోల పెద్దమనిషి అదే పరుపు మీద దూకితే అంతకు మూడు రెట్లకు మించిన వైశాల్యం కుంగుతుంది. పక్కనున్న చిన్నపిల్లవాడు ఆ అలకు అదుపు తప్పి పైకి ఎగిరిపోతాడు. భిన్న వయసుల వారిని ఒకేసారి ఆడనివ్వరాదన్న నియమానికి ఇదే భౌతికశాస్త్ర కారణం. ఐరోపా ప్రమాణం ఆటగాళ్లను వయసుతో కాక ఎత్తుతో విభజిస్తుంది. 1.0, 1.2, 1.5, 1.8 మీటర్ల ఎత్తుల వారీగా ఒకేసారి ఎందరు ఆడవచ్చో నిర్మాణం మీదే సూచించాలి.

గుడ్డ, కుట్టు, లోపలి తెరలు

మన దేశంలో ఈ నిర్మాణాలకు ఎక్కువగా వాడేది సుమారు అర మిల్లీమీటరు మందం గల పీవీసీ పూత పూసిన పాలియెస్టర్ తార్పాలిన్. పాలియెస్టర్ నేత లాగుడు బలాన్ని భరిస్తుంది. పీవీసీ పూత గాలిని, నీటిని ఆపుతుంది.

గాలి తనంతట తాను ఏ సంచినైనా గోళాకారంలోకి ఉబ్బించాలని చూస్తుంది. నేల చదునుగా ఉండాలంటే పై పొరను, అడుగు పొరను కలుపుతూ లోపల నిలువు తెరలు కుట్టాలి. పరుపు మీద కనిపించే చాళ్లు ఈ తెరల గుర్తులే. తెరల మధ్య దూరం పెరిగితే చాళ్లు లోతై పిల్లల పాదాలు ఇరుక్కుంటాయి. తగ్గితే కుట్టుపని, ఖర్చు, బరువు పెరుగుతాయి. రూపకర్త నైపుణ్యం తేలేది ఈ సమతూకంలోనే. తెరల్లో గాలి ఒక గది నుంచి మరో గదికి ప్రవహించేందుకు రంధ్రాలూ వదలాలి.

కుట్టు రంధ్రాల గుండా గాలి నిరంతరం బయటికి పోతూనే ఉంటుంది. ఇది లోపం కాదు. పిల్లలు దూకినప్పుడు పెరిగే ఒత్తిడికి అదొక మార్గం. గాలి నిరంతరం అందుతుండటం వల్ల ఎక్కడైనా చిన్న చిరుగు పడినా నిర్మాణం తక్షణం కూలిపోదు. అయితే విద్యుత్తు ఆగితే మాత్రం కోట నెమ్మదిగా ఒరుగుతుంది. అందుకే పిల్లలను వెంటనే దింపగలిగేలా వెడల్పైన ద్వారం, బ్లోయర్ పక్కన బాధ్యుడైన మనిషి, ప్రత్యామ్నాయ విద్యుత్ ఏర్పాటు తప్పనిసరిగా ఉండాలి.

క్రీడాభ్యాసానికి వాడే గాలి పరుపుల నిర్మాణం వేరు. జిమ్నాస్టిక్స్ శిక్షణలో కనిపించే ఎయిర్‌ట్రాక్‌లో రెండు పొరలను వేలాది దారాలు కలిపి ఉంచుతాయి. ‘డ్రాప్ స్టిచ్’ అనే ఈ నేత వల్ల ఎక్కువ ఒత్తిడి నింపినా ఉపరితలం బల్లపరుపుగానే ఉంటుంది. దీనికి గాలి ఒకసారి నింపితే చాలు, బ్లోయర్ నిరంతరం నడవనక్కరలేదు.

అసలు శత్రువు ఈదురుగాలి

గాలి వేగం రెట్టింపైతే దాని తాకిడి నాలుగు రెట్లవుతుంది. ఐరోపా ప్రమాణం ఈఎన్ 14960 ప్రకారం గంటకు 38 కిలోమీటర్ల వేగానికి మించి గాలి వీస్తే ఆట ఆపివేయాలి. ఆ వేగం వద్ద చదరపు మీటరుకు సుమారు 67 న్యూటన్ల తాకిడి ఉంటుంది. 20 చదరపు మీటర్ల గోడ మీద అది దాదాపు 137 కిలోల బరువు తోసినట్లు. వేగం గంటకు 76 కిలోమీటర్లకు చేరితే అదే గోడ మీద తోపు సుమారు 550 కిలోలకు పెరుగుతుంది. మధ్యరకం కోట బరువు వంద కిలోల పైచిలుకు మాత్రమే. గాలి అడుగుభాగంలోకి దూరితే పరిస్థితి మరింత విషమిస్తుంది.

ఈ లెక్కల వెనుక పిల్లల ప్రాణాలున్నాయి. 2016 మార్చిలో ఇంగ్లండ్‌లోని హార్లోలో గాలి కోట ఎగిరిపోయి ఏడేళ్ల బాలిక మరణించింది. 2021 డిసెంబరు 16న ఆస్ట్రేలియాలోని టాస్మానియా ద్వీపంలో, డెవన్‌పోర్ట్ పట్టణపు ప్రాథమిక పాఠశాలలో విద్యాసంవత్సరం ముగింపు వేడుక జరుగుతుండగా సుడిగాలి కోటను పైకి లేపింది. ఆరుగురు చిన్నారులు ప్రాణాలు కోల్పోయారు. 2000 నుంచి 2021 వరకు ప్రపంచవ్యాప్తంగా గాలి కారణంగా జరిగిన 132 ప్రమాదాల్లో కనీసం 28 మంది మరణించారని, 479 మంది గాయపడ్డారని అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్కగట్టారు.

అందుకే లంగరు వ్యవస్థ రూపకల్పనలో అలంకారం కాదు, ఆయువుపట్టు. ఈఎన్ 14960 ప్రకారం కనీసం ఆరు కట్టుబిందువులు ఉండాలి. ఒక్కొక్కటి 1,600 న్యూటన్ల లాగుడును, అంటే సుమారు 163 కిలోల బరువును తట్టుకోవాలి. మట్టినేలలో 380 మిల్లీమీటర్ల పొడవు, 16 మిల్లీమీటర్ల వ్యాసం, గుండ్రని తల గల ఇనుప మేకులు సూచిస్తారు. తయారీదారు ఎన్ని బిందువులు ఇస్తే అన్నింటినీ కట్టాలి. సగం కట్టి సరిపెట్టడం, చిన్న ఇసుక మూటలు వేలాడదీయడం భద్రత అనిపించుకోవు.

కన్హార్, మటాసీ, భాటా: నేలను బట్టి మేకు

ఛత్తీస్‌గఢ్ మైదానంలో రైతులు నేలను నాలుగు రకాలుగా గుర్తిస్తారు: ఎర్రని కంకర నేల భాటా, పసుపు ఛాయ గల మటాసీ, మధ్యరకం డోర్సా, నల్లరేగడి కన్హార్. పంటకే కాదు, మేకుకూ ఈ తేడా ముఖ్యమే. కన్హార్ నేల ఎండాకాలంలో పగుళ్లు విచ్చుతుంది, వానకు మెత్తబడుతుంది. రెండు సందర్భాల్లోనూ మేకు పట్టు సడలుతుంది. భాటా నేలలో మేకు పూర్తి లోతుకు దిగడమే కష్టం. కాబట్టి ప్రతిచోటా మేకు దించాక లాగి చూసి పట్టును పరీక్షించాలి. సిమెంటు ప్రాంగణాల్లో ప్రతి కట్టుబిందువుకూ 163 కిలోలకు తగ్గని బరువు అమర్చాలి.

రాయ్‌పూర్ వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్ పరిసరాలకు చేరడం అరుదు కాదు. ఎండలో ముదురు రంగు పీవీసీ లేత పాదాలను కాల్చగలదు. గోడల నడుమ గాలి ఆడక లోపలి వేడి బయటి కంటే ఎక్కువవుతుందని జార్జియా పరిశోధకులే మరో అధ్యయనంలో గుర్తించారు. కనుక ఇక్కడి రూపకర్తలు లేత రంగులు, జాలీ కిటికీలు, తొలగించగల నీడ కప్పు ఎంచుకోవడం మేలు. ఏప్రిల్, మే నెలల్లో ఆటవేళ ఉదయానికి, సాయంసంధ్యకు పరిమితం కావాలి. సాయంకాలమే ఈదురుగాలుల సమయం కూడా కనుక, వాతావరణ శాఖ రాయ్‌పూర్ కేంద్రం జారీ చేసే స్వల్పకాలిక ఉరుముల హెచ్చరికలను నిర్వాహకులు గమనిస్తూ ఉండాలి. చేతిలో ఇమిడే గాలివేగ మాపకం ఖరీదైనదేమీ కాదు.

ఏ ఆట ఒప్పుతుంది, ఏది ఒప్పదు

2022 అక్టోబరు 6న రాయ్‌పూర్‌లో ప్రారంభమైన ఛత్తీస్‌గఢియా ఒలింపిక్స్‌లో 14 క్రీడలు చోటు చేసుకున్నాయి. మన బిళ్లంగోడు అక్కడ గిల్లీదండా, ఏడుపెంకులాట పిట్టూల్, తొక్కుడుబిళ్ల బిల్లస్, బొంగరం భౌంరా, గోలీలాట బాటీ. హరేలీ పండుగకు పిల్లలు ఎక్కే వెదురు మరకాళ్లు గేడీ. ఈ ఆటలను పసిపిల్లలకు మెత్తని నేల మీద నేర్పాలనుకునే రూపకర్తకు కొన్ని సహజ పరిమితులు ఎదురవుతాయి.

పిట్టూల్‌కు గాలి గోడ చక్కని అడ్డుకట్ట. బంతి దూరం పోదు, గోడను ఢీకొన్న పిల్లవాడికి దెబ్బ తగలదు. ఒంటికాలి పరుగుకు, బిల్లస్‌కు తక్కువ ఎత్తు ఎయిర్‌ట్రాక్ సరిపోతుంది. తాడు లాగుడులో వెనక్కి పడేవారి కోసం రెండు చివరలా గాలి పరుపులు వేయవచ్చు. కానీ భౌంరాకు గట్టి నేల కావాలి, దాని మేకు గుడ్డను చీల్చుతుంది. గేడీ వెదురు కొన మెత్తని పరుపులో దిగబడి పిల్లవాడిని పడేస్తుంది. గిరగిర తిరిగే ఆటల్లో మెత్తని నేల చీలమండను మెలిపెడుతుంది. ప్రతి ఆటనూ గాలి మీదికి ఎక్కించాలన్న ఉత్సాహాన్ని అదుపు చేసుకోవడమూ రూపకల్పనలో భాగమే.

గాయాల తీరు కూడా ఆకృతిని శాసిస్తుంది. అమెరికాలో 1990–2010 మధ్య గాలి ఆటనిర్మాణాల వల్ల 64 వేలమందికి పైగా పిల్లలు అత్యవసర చికిత్స పొందారని 2012లో ‘పీడియాట్రిక్స్’ పత్రిక ప్రచురించిన అధ్యయనం తెలిపింది. నాల్గోవంతుకు పైగా ఎముకల విరుగుళ్లే. పడిపోవడం ప్రధాన కారణం. అందుకే 0.6 మీటర్ల నుంచి 3 మీటర్ల ఎత్తు వేదికలకు చుట్టుగోడ, ఆడేవారిలో అత్యంత పొడవైన వారి ఎత్తుకు తగ్గకుండా ఉండాలని ఐరోపా ప్రమాణం నిర్దేశిస్తుంది.

ప్రమాణాలు, పరీక్షలు

వాణిజ్య గాలి నిర్మాణాలకు ఐరోపాలో ఈఎన్ 14960, అమెరికాలో ఏఎస్‌టీఎం ఎఫ్2374 ప్రామాణిక పత్రాలు. భారత్‌లో 14 ఏళ్లలోపు పిల్లల ఆటబొమ్మలకు 2021 జనవరి 1 నుంచి బీఐఎస్ ప్రమాణ ముద్ర తప్పనిసరి. పీవీసీలోని రసాయనాల మీదా దృష్టి పెట్టాలి. గాలి కోటల గుడ్డలో సీసం మోతాదు అధికంగా ఉందంటూ 2010లో కాలిఫోర్నియా అటార్నీ జనరల్ తయారీదారులపై దావా వేశారు. ప్లాస్టిక్ రంగంలో శిక్షణ, పరీక్షలు నిర్వహించే సిపెట్ కేంద్రం, వాస్తుశాస్త్రం, యంత్రశాస్త్రం బోధించే ఎన్ఐటీ రాయ్‌పూర్‌లోనే ఉన్నాయి. స్థానిక తయారీకి అవసరమైన విజ్ఞానం నగరంలోనే అందుబాటులో ఉందన్నమాట.

తల్లిదండ్రులు గమనించవలసినవి

బిడ్డను లోపలికి పంపే ముందు ఒక నిమిషం చాలు. కోట చుట్టూ నడిచి కట్టుతాళ్లన్నీ బిగువుగా ఉన్నాయో లేదో చూడాలి. బ్లోయర్‌కు వేళ్లు దూరని జాలీ, చెక్కుచెదరని విద్యుత్ తీగ ఉండాలి. పరుపును చేతితో నొక్కి వేడిని పరీక్షించాలి. లోపల పెద్దపిల్లలు ఆడుతుంటే వారి వంతు ముగిసేదాకా ఆగాలి. కాపలా మనిషి ఫోనులో మునిగి ఉంటే, చెట్ల కొమ్మలు నిలకడ లేకుండా ఊగుతుంటే, నైరుతిలో మబ్బు కమ్ముతుంటే టికెట్ డబ్బు వదులుకోవడమే వివేకం.

గాలి కోట పిల్లలకు పడినా నొప్పి పుట్టని నేలనిస్తుంది. ఆ నేలను భూమికి గట్టిగా కట్టి ఉంచే బాధ్యత మాత్రం పెద్దలదే.