ట్రంకు కాలు నుండి యాప్ పిలుపు వఱకు

యాదగిరిగుట్టపై లక్ష్మీనరసింహస్వామిని దర్శించి దిగివచ్చిన తల్లి యొకతె, కొండ క్రింద బస్సు కొఱకు వేచియుండి, అమెరికాలోనున్న కుమారునితో ఫోనులో మాటలాడుట నేడెవ్వరికిని వింత గాదు. దర్శనమైనదనియు, పులిహోర ప్రసాదము కొంటిననియు, నీవు భోజనము చేసితివా యనియు ఆమె తీరికగా పలుకును. నిమిషములను లెక్కించు భయమామెకు లేదు. ఈ సులువు వెనుక ఏబది యేండ్ల చరిత్ర కలదు. అందు యంత్రము నేర్చిన విద్య కొంత. ఆ విద్యను వాడుకొనుటకు శాసనమొసగిన అనుమతి కొంత. రెండవది మొదటిదాని కంటె మిక్కిలి ఆలస్యముగా వచ్చెను.

పూర్వము దూరపు ఊరితో మాటలాడవలెనన్న ట్రంకు కాలు బుక్ చేసికొని కాచియుండవలెను. ఎక్స్ఛేంజిలోని ఆపరేటరు తీగను తీగతో కలిపిన పిమ్మట గాని మాట సాగదు. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగు అని పిలుపులకు తరగతులు. తొందర యెక్కువైనకొలది ధర హెచ్చు. ఆపరేటరుతో పనిలేక నేరుగా సంఖ్యను త్రిప్పి పరయూరితో మాటలాడు ఎస్.టి.డి. పద్ధతి మన దేశమున 1960లో కాన్పూరు, లక్నో నగరముల నడుమ ఆరంభమయ్యెను. 1984లో ఏర్పడిన సి-డాట్ సంస్థ, పల్లెల ఎండకును దుమ్మునకును ఓర్చు చిన్న ఎక్స్ఛేంజీలను రూపొందించిన తరువాత ఆ సౌకర్యము గ్రామసీమలకు ప్రాకెను. బస్సు స్టాండ్ల యెదుట పసుపుపచ్చని ఎస్.టి.డి. బూతులు వెలసినవి. రాత్రివేళ ధర తగ్గును గనుక జనులు పొద్దుపోవువఱకు వేచి, మీటరుపై పరుగెత్తు ఎఱ్ఱని అంకెలను చూచుచు మాటలాడిరి.

ఆ ఖర్చునకు కారణమేమి? మాటలాడువారిద్దరి నడుమనున్న దారి యంతయు వారికే ప్రత్యేకింపబడెడిది. వారు మౌనముగా నున్నను ఆ దారిని మఱియొకరి మాట పోవుటకు వీలు లేదు.

అంతర్జాలము ఈ పద్ధతిని మార్చివైచినది. అందు కంఠస్వరము అంకెలుగా మాఱి, సాధారణముగా సెకనుకు 50 చిన్న పొట్లములుగా విడిపోవును. ప్రతి పొట్లము మీదను చేరవలసిన చిరునామాయు, వరుస సంఖ్యయు నుండును. గుట్ట యెక్కు యాత్రికులను తలచుకొనుడు. ఒకే కుటుంబమువారు కొందఱు మెట్ల దారిని, కొందఱు ఘాటు రోడ్డున పోయి, పైన మరల నొక వరుసగా నిలుతురు. పొట్లములును అట్లే. ఒక్కటే భేదము: వెనుకబడినవారి కొఱకు బంధువులు ఆగుదురు గాని, మాట ఆగదు. సెకనులో ఏడవ వంతునకు మించి జాగైనచో సంభాషణ తడబడసాగును. కావున మిక్కిలి వెనుకబడిన పొట్లమును విడిచిపెట్టి, ముందరి ధ్వనిని బట్టి ఆ లోటును యంత్రమే పూరించును.

ఇట్లు పొట్లములుగా మాటను పంపు ప్రయోగము 1974లోనే ఫలించెను. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు సమాచార శాస్త్ర సంస్థకును, ఎం.ఐ.టి. వారి లింకన్ ప్రయోగశాలకును నడుమ, ఆర్పానెట్ అను తొలినాటి జాలముపై ఆ మాట సాగినది. 1995లో ఇజ్రాయేలుకు చెందిన వోకల్‌టెక్ సంస్థ, ఇంటి కంప్యూటరులో వాడదగిన ఇంటర్నెట్ ఫోనును విపణిలోనికి తెచ్చెను.

మన దేశమున ప్రజలకు అంతర్జాల సేవ ఆరంభమైనదియు 1995లోనే. కాని 1999 నాటి నూతన టెలికాం విధానము అంతర్జాల టెలిఫోనీని ఆ దశలో అనుమతింపలేదు. ఇది కేవలము మొండితనము గాదు. దూరపు పిలుపుల రాబడి నుండియే స్థానిక టెలిఫోనుల లోటు పూడ్చబడుచుండెను. 2002 ఏప్రిల్ 1వ తేదీన ద్వారము కొంత తెఱవబడినది. కంప్యూటరు నుండి కంప్యూటరునకును, విదేశములలోని టెలిఫోనునకును పిలుపు చెల్లును. స్వదేశములోని టెలిఫోనునకు మాత్రము చెల్లదు.

ఇంతలో చేతిఫోను వచ్చినది. దానిలోని యాప్‌నకు అంతర్జాలపు మాటను అమర్చుటలో మూడు చిక్కులుండెను. అవతలివాని చిరునామా యేది? యాప్ నిద్రించుచున్నను గంట మ్రోగుట యెట్లు? అసలు ఫోను పిలుపు వచ్చినప్పుడు రెండును ఢీకొనకుండుట యెట్లు? మొదటిదానికి వాట్సాప్ ఫోను సంఖ్యనే చిరునామాగా గైకొనెను. 2015లో దాని ద్వారా మాటలు సాగినవి. తక్కిన రెండింటికిని ఫోను తయారుచేయువారే త్రోవ చూపవలసి వచ్చెను. ఐఫోనులో 2016లోను, ఆండ్రాయిడులో 2017లోను వచ్చిన మార్పుల వలన యాప్ పిలుపు, ఫోను యొక్క సొంత పిలుపుతో సమానముగా కుదురుకొన్నది. 2016 సెప్టెంబరులో జియో రాకతో పల్లెలలోను అంతర్జాలము చౌకయైనది.

పిమ్మట శాసనము కదలినది. ట్రాయ్ సంస్థ 2017 అక్టోబరులో సిఫారసు చేయగా, కేంద్ర టెలికాం శాఖ 2018 జూనులో నియమములను సవరించెను. జూలైలో బి.ఎస్.ఎన్.ఎల్. 'వింగ్స్' అను యాప్‌ను ప్రకటించెను. దాని వలన యాప్ నుండి దేశములోని ఏ టెలిఫోను సంఖ్యకైనను పిలుపు చేయు వీలు గలిగెను. తొలి ప్రయోగమునకును దీనికిని నడుమ 44 ఏండ్లు గడచినవి.

ఇంతటితో కథ ముగియలేదు. తెలంగాణము నుండి గల్ఫ్ దేశములకు పోయిన శ్రామికుల యిండ్లను అడిగి చూడుడు. సంయుక్త అరబ్ ఎమిరేట్సులో ప్రభుత్వానుమతి పొందిన యాప్‌ల ద్వారానే ఇట్టి పిలుపులు చెల్లును. అమెరికాలోని కుమారునితో వాట్సాప్‌లో మాటలాడిన తల్లి, దుబాయిలోని కుమారునికి మఱియొక యాప్ వెదకవలెను. యంత్రమొకటే, సరిహద్దు వేఱు.

గృహస్థులు గుర్తుంచుకొనవలసినది మఱియొకటి కలదు. వాట్సాప్ వంటి యాప్ ద్వారా 112 సంఖ్యను పిలువ వీలుకాదు. అగ్నిప్రమాదమున గాని, అర్ధరాత్రి రోగమున గాని ఫోను యొక్క మామూలు పిలుపే శరణ్యము. పాత తీగ ఖరీదైనదే. కాని ఆపదలో పలుకు బాధ్యత దానిపై నుండెను. ఖర్చు తగ్గినందుకు సంతసించుచునే, ఆ బాధ్యతను క్రొత్త దారిపై నెవరు వహింతురని అడుగుట మన పని.