మూడో రాత్రి దొరకని తోకచుక్క: మద్రాస్ టెలిగ్రాం నుంచి హాన్లే అలర్ట్ దాకా

ఇవాళ్టి కథ ఒక టెలిగ్రాంతో మొదలవుతుంది.

1872 నవంబర్ 30న జర్మనీలోని గొట్టింగెన్ నుంచి మద్రాస్ అబ్జర్వేటరీకి ఒక తంతి వచ్చింది. పంపినాయన విల్‌హెల్మ్ క్లింకర్‌ఫ్యూస్. అందుకున్నాయన మద్రాస్‌లో ఖగోళ పరిశీలనలు చూసుకునే నార్మన్ పాగ్సన్. విషయం చాలా చిన్నది: 27వ తేదీన బీలా భూమిని తాకింది, సెంటారస్‌లో తీటా నక్షత్రం పక్కన వెతకండి.

బీలా అంటే ఒక తోకచుక్క. ఆరున్నర ఏళ్లకు కొంచెం ఎక్కువ టైంలో సూర్యుడి చుట్టూ ఒక రౌండ్ వేసేది. 1846లో అందరూ చూస్తుండగానే రెండు ముక్కలైంది. 1852లో ఆ రెండు ముక్కలూ జంటగా వచ్చాయి. ఆ తర్వాత ఎంత వెతికినా జాడ లేదు. ఇక 1872 నవంబర్ 27 రాత్రి యూరప్‌లో ఉల్కలు వానలా కురిశాయి, గంటకు వేలల్లో. అవి వచ్చిన దారి బీలా దారే. అంటే తోకచుక్క మనల్ని రాసుకుంటూ వెళ్లిపోయి, ఆకాశంలో అటువైపు పోతూ ఉండాలి అని క్లింకర్‌ఫ్యూస్ లెక్క.

మరి ఆయనే చూసుకోవచ్చు కదా, మద్రాస్‌కి చెప్పడం దేనికి? ఎందుకంటే గొట్టింగెన్ చాలా ఉత్తరాన ఉంది. తీటా సెంటారీ అక్కడ దిగంతం మీద జస్ట్ తల ఎత్తి మళ్లీ దిగిపోతుంది. మద్రాస్‌లో అయితే తెల్లవారుజామున బాగా పైకి వస్తుంది. ఉల్కల్ని చూసింది ఒకచోట, తోకచుక్కని చూడగలిగేది ఇంకోచోట. మధ్యలో ఒక తీగ. ఆకాశంలో కాసేపే కనిపించి మాయమయ్యే వాటిని ఇంగ్లిష్‌లో ట్రాన్సియెంట్స్ అంటారు. వాటి వెనక పడటం అంటే ఇదే: ఒకరు కబురు చెప్పాలి, ఇంకొకరు వెంటనే చూడాలి.

పాగ్సన్ వెతికాడు. మొదట మబ్బులు అడ్డొచ్చాయి. తర్వాత వరుసగా రెండు తెల్లవారుజాములు తెరిపి దొరికింది. చెప్పిన చోటికి దగ్గర్లోనే నిజంగా ఒక తోకచుక్క ఉంది! స్థానం కొలిచి రాసుకున్నాడు. ఆ తర్వాత మళ్లీ మబ్బులు. అంతే, అది ఇక ఎవరికీ కనిపించలేదు.

ఇక్కడ లెక్క ఒకటి ఉంది. తోకచుక్క ఏ కక్ష్యలో తిరుగుతుందో కట్టాలంటే మామూలుగా కనీసం 3 వేర్వేరు సమయాల్లో దాని స్థానం తెలియాలి. పాగ్సన్ దగ్గర ఉన్నవి రెండు రాత్రులే. తర్వాతి లెక్కల ప్రకారం బీలా ఆ టైంకి అక్కడ ఉండే అవకాశం లేదు. మరి పాగ్సన్ చూసింది ఏ తోకచుక్క? 150 ఏళ్లు దాటింది, ఈ రోజుకీ తేలలేదు. కబురు టైంకి వచ్చింది, టెలిస్కోప్ రెడీగా ఉంది, చూసేవాడూ నిపుణుడే. లేనిదల్లా ఇంకో ఊర్లో ఇంకో టెలిస్కోప్.

ఇప్పుడు మన వైపు చూడండి. నవంబర్, డిసెంబర్‌లో మద్రాస్‌కి ఈశాన్య రుతుపవనాల వానలు. అదే టైంలో మన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు మామూలుగా పొడి చలికాలం. ఆ డిసెంబర్‌లో దక్కన్ మీద ఒక మంచి టెలిస్కోప్ ఉండి, పాగ్సన్ దానికి కబురు పెట్టగలిగి ఉంటే ఆ మూడో రాత్రి దొరికే చాన్స్ ఉండేది.

మన నేల అప్పటికి ఈ ఆటకి కొత్తదేం కాదు. నాలుగేళ్ల ముందు, 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన మీదుగానే పోయింది. ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ గుంటూరు వచ్చాడు. పాగ్సన్ మచిలీపట్నంలో ఉన్నాడు. మద్రాస్ అబ్జర్వేటరీలోనే పనిచేసే చింతామణి రఘునాథాచారి ఒక టీంతో నిజాం రాజ్యంలోని వనపర్తికి వెళ్లాడు. ఒకే నీడ దారిలో మూడు ఊళ్లు, మూడు టీంలు. ఒకచోట మబ్బు పట్టినా ఇంకోచోట దొరకాలని. గుంటూరులో జాన్సెన్‌కి సూర్యుడి అంచున లేచే మంటల్లో మెరిసే గీతలు కనిపించాయి. గ్రహణం లేకుండా కూడా వాటిని చూడొచ్చని ఆ మర్నాడే తేల్చాడు. కానీ ఆయన ఉత్తరం పారిస్‌లోని అకాడమీకి చేరేసరికి అక్టోబర్ చివరికొచ్చింది. ఇంగ్లండ్ నుంచి లాకియర్ విడిగా అదే విషయం కనిపెట్టి రాసిన కబురు కూడా అక్కడికి అదే రోజు చేరింది! అందుకే ఆ పేరు ఇద్దరికీ కలిపి దక్కింది. అదే 1872కి వస్తే, తంతి వల్ల అంత దూరం కబురు అదే రోజు చేరిపోతోంది. నాలుగేళ్లలో స్పీడ్ మారింది. టెలిస్కోపుల సంఖ్య మాత్రం మారలేదు.

హైదరాబాద్‌లో ఆ లోటు తీరడం 1901లో మొదలైంది. నవాబ్ జఫర్ జంగ్ సొంత ఖర్చుతో అబ్జర్వేటరీ పెట్టాడు. అదే నిజామియా. ఆయన పోయాక నిజాం ప్రభుత్వం తీసుకుంది, అది బేగంపేటకి మారింది. అప్పట్లో ప్రపంచంలోని అబ్జర్వేటరీలన్నీ ఆకాశాన్ని పట్టీలుగా పంచుకుని ఫొటోలు తీసే పని నడుస్తోంది. అందులో మైనస్ 17 నుంచి మైనస్ 23 డిగ్రీల పట్టీ హైదరాబాద్ వంతుకొచ్చింది.

ఆ నిజామియాలో పనిచేసే ఒకాయన కొడుకు వేణు బప్పు. హైదరాబాద్‌లోనే పెరిగాడు, నిజాం కాలేజీలో చదివాడు. 1949లో హార్వర్డ్‌లో స్టూడెంట్‌గా ఉన్నప్పుడు, ఫొటో ప్లేట్ మీద ఎవరికీ తెలియని ఒక తోకచుక్కని పట్టుకున్నాడు. ప్రొఫెసర్ బోక్, తోటి విద్యార్థి న్యూకిర్క్ కూడా ఆ పనిలో ఉన్నారు, అందుకే దానికి ముగ్గురి పేర్లూ పెట్టారు.

అదే బప్పు 1977 నాటికి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ డైరెక్టర్. ఆ మార్చి 10న యురేనస్ గ్రహం ఒక నక్షత్రానికి అడ్డుగా వెళ్తుందని ముందే తెలుసు. తమిళనాడులో జవ్వాది కొండల్లోని కావలూరు టెలిస్కోప్‌తో భట్టాచార్య, కుప్పుస్వామి చూస్తున్నారు. గ్రహం ఇంకా అడ్డం రాకముందే నక్షత్రం వెలుగు కొన్ని సెకన్లు పడిపోయింది. యురేనస్‌కి కొత్త ఉపగ్రహం ఉండొచ్చని నేచర్ పత్రికలో రాశారు. అదే రాత్రి హిందూ మహాసముద్రం మీద ఎగురుతున్న అమెరికా విమానంలోని టెలిస్కోప్‌కి గ్రహానికి అటూ ఇటూ ఒకే దూరాల్లో అలాంటి తగ్గుదలలు చాలా కనిపించాయి. అన్నీ కలిపి చూస్తే అవి ఉపగ్రహాలు కావు, వలయాలు. ఒక్కచోట నుంచి చూస్తే చుక్క, నాలుగుచోట్ల నుంచి చూస్తే ఉంగరం. తేడా అదే.

నేను బీటెక్ అయ్యాక కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్ జాబ్ చేశాను. మా టీంలో ఆన్‌కాల్ డ్యూటీ ఉండేది. ఇక్కడ రాత్రయితే ఇంకో దేశంలో వాళ్లు అందుకునేవాళ్లు. టెలిస్కోపులదీ అదే షిఫ్ట్ సిస్టం, కాకపోతే రివర్స్‌లో: వీళ్లకి రాత్రే పని టైం.

2017 ఆగస్టు 17న, మన టైంలో సాయంత్రం 6 దాటాక, రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్న గురుత్వ తరంగాలు భూమికి అందాయి. రెండు సెకన్లలోపే గామా కిరణాల మెరుపు కూడా అందింది. కానీ ఆకాశంలో ఏ మూల వెతకాలో కచ్చితమైన మ్యాప్ వచ్చేసరికి మనకి రాత్రి దాదాపు 11:30. అప్పటికే ఆ మూల మన దగ్గర అస్తమించింది. చిలీలో చీకటి పడేదాకా ప్రపంచం ఆగాల్సి వచ్చింది. ఢీకొన్న దాదాపు 11 గంటల తర్వాత, అక్కడి స్వోప్ టెలిస్కోప్‌కి మొదటి వెలుగు చిక్కింది. ఇక్కడ తప్పు ఎవరిదీ కాదు. భూమి తిరుగుతుంది, అంతే. అందుకే ప్రతి రేఖాంశం దగ్గరా ఒక కన్ను కావాలి.

మన రేఖాంశం దగ్గర ఇప్పుడు లడఖ్‌లోని హాన్లేలో గ్రోత్ ఇండియా టెలిస్కోప్ ఉంది. 2018లో మొదలైంది, అద్దం 70 సెంటీమీటర్లు. పక్కన మనిషి లేకుండా అలర్ట్ రాగానే దానంతటదే తిరిగి ఫొటో తీయగలదు. మ్యాప్ ఓపెన్ చేసి చూడండి: హాన్లే దాదాపు 79 డిగ్రీల తూర్పు రేఖాంశం. జనగామ కూడా 79 దాటి కొంచెమే. భూపాలపల్లి, మహబూబాబాద్ 80 దగ్గర. ఒక డిగ్రీకి 4 నిమిషాలు. అంటే హాన్లేలో ఒక నక్షత్రం నడినెత్తి గీత దాటే నిమిషానికి, మన ఊళ్లలో కూడా అది ఆ గీత దగ్గరే ఉంటుంది. మన ఆకాశం డ్యూటీ, హాన్లే డ్యూటీ ఒకే షిఫ్ట్.

ఇదే షిఫ్ట్‌లో మనకి ఇంకోటి కూడా ఉండేది. హైదరాబాద్ బయట జపాల్ రంగాపూర్‌లో ఉస్మానియా యూనివర్సిటీ 48 అంగుళాల టెలిస్కోప్, 1968 నాటిది. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణం నీడ దాని మీదుగానే వెళ్లింది. ఆ రోజు జనం బయటికి రాకుండా తలుపులేసుకున్న సంగతి మీ ఇంట్లో పెద్దోళ్లని అడగండి, చెప్తారు. ఇక్కడ మాత్రం సైంటిస్టులు బారులు తీరారు. చాలా ఏళ్లుగా అక్కడ ఆ పెద్ద టెలిస్కోప్‌తో రెగ్యులర్‌గా రాత్రి పరిశీలనలు లేవు. సిటీ వెలుతురు కూడా దగ్గరికొచ్చేసింది.

పాత టెలిస్కోప్ పోతే పోయింది, పెద్దవి వేరేచోట ఉన్నాయి కదా అనొచ్చు. కానీ 1872 చెప్పేది వేరు. అప్పుడు తక్కువైంది పెద్ద టెలిస్కోప్ కాదు, రెండోది. లడఖ్‌లో మంచు పడే రాత్రి మన దగ్గర తెరిపి ఉండొచ్చు. మనకి జూలై ముసురు పట్టినప్పుడు అక్కడ తెరిపి ఉండొచ్చు.

ఇంకో మార్పు కూడా వచ్చింది. 2017లో గురుత్వ తరంగాల కబుర్లు ఒప్పందం రాసుకున్న టీంలకే వెళ్లేవి. 2019 నుంచి అందరికీ ఓపెన్. అప్పట్లో పాగ్సన్ ఒక్కడికి వచ్చిన తంతి లాంటిది ఇప్పుడు జనగామ డిగ్రీ కాలేజీ స్టూడెంట్ ఫోన్‌కి కూడా ఫ్రీగా వస్తుంది. కబురు మన చేతిలో ఉంది. రేఖాంశం మనదే. ఇక కావాల్సింది కాలేజీ మేడ మీద ఒక మంచి టెలిస్కోప్, దాని పక్కన నిద్ర ఆపుకోగల ఇద్దరు పిల్లలు.

ఇవాళ్టికి ఇంతే. మీ కాలేజీలో ఫిజిక్స్ సార్‌కో మేడంకో ఈ ఎపిసోడ్ పంపండి. మళ్లీ కలుద్దాం, నమస్తే.