నోటు మీది చిత్రం ఏ కాలానికి ఆధారం?

గత విభాగంలో నాణేలను చారిత్రక ఆధారాలుగా చదవడం నేర్చుకున్నారు. బొమ్మలున్న కాగితపు నోట్లలో మరో చిక్కు ఉంది. అమెరికాలో 1863 చట్టం కింద జాతీయ బ్యాంకులు జారీ చేసిన నోట్లను ఉదాహరణగా తీసుకుందాం. పాత నోట్ల సేకర్తలు మక్కువతో వెదికే వాటిలో ఇవి ముఖ్యమైనవి.

అంతర్యుద్ధం సాగుతున్న రోజులవి. అంతవరకు రాష్ట్రాల అనుమతితో నడిచే బ్యాంకులు వేల రకాల నోట్లు వేసేవి. ఏది అసలో, ఏది నకిలీయో వ్యాపారులకే తెలిసేది కాదు. కొత్త నోట్లకు ఒకే నమూనా పెట్టారు. వాషింగ్టన్‌లోని కాపిటల్ భవనంలో గుమ్మటం కింద ఉన్న భారీ తైలవర్ణ చిత్రాలను ఉక్కు ఫలకాలపై చెక్కించి, నోట్ల వెనుకవైపు అచ్చు వేశారు. 5 డాలర్లపై వాండర్లిన్ గీసిన కొలంబస్ రాక, 10పై పావెల్ గీసిన డి సోటో, 20పై చాప్‌మన్ గీసిన పొకహాంటస్ బాప్తిస్మం, 100పై ట్రంబుల్ గీసిన స్వాతంత్ర్య ప్రకటన. అంత సన్నని గీతలకు నకలు తీయడం దొంగనోట్ల వాళ్లకు సులభం కాదు.

10 డాలర్ల నోటును కాస్త ఆగి చూడండి. డి సోటో మిసిసిపీ నదిని చేరింది 1541లో. పావెల్ చిత్రం కాపిటల్‌లో చేరింది 1855లో. చిత్రంలో డి సోటో తెల్ల గుర్రంపై ఠీవిగా వస్తుంటే స్థానిక తెగలవారు చూస్తుంటారు. నిజానికి అంతకు ముందటి ఏడాది మబీలా వద్ద జరిగిన పోరులో ఆ దళం మనుషులను, గుర్రాలను, సామగ్రిని కోల్పోయి చితికిపోయింది. కాబట్టి ఈ నోటును 1541కి ఆధారంగా రాస్తే తప్పు. ఇది 1863 నాటి ప్రభుత్వం ప్రజల చేతుల్లో ఏ గతాన్ని పెట్టదలచిందో చెబుతుంది. దేశం రెండుగా చీలిన వేళ ఉమ్మడి ఆరంభకథలను ఎంచుకోవడం యాదృచ్ఛికం అనుకోలేం. ఆ కథల్లో స్థానిక తెగలకు దక్కింది ప్రేక్షకుల స్థానమే.

ముందువైపు బ్యాంకు పేరు, ఊరి పేరు, అధ్యక్షుడి, క్యాషియర్ సంతకాలు ఉంటాయి. అందుకే ఒకే చిత్రమున్న రెండు నోట్లలో చిన్న ఊరి బ్యాంకుది అరుదై, ఖరీదు కావచ్చు. నలిగిన నోట్లు ఖజానాకు తిరిగి వెళ్లి నాశనమయ్యేవి గనుక మిగిలినవి కొద్దే. మడతలేని నోటుకు ధర ఎక్కువ. ఆ ఆశతో కొందరు నోట్లను కడిగి, నొక్కి, చిరుగులు అతికిస్తారు. మనకు మాత్రం మడతలు, మురికి కూడా సాక్ష్యమే: ఆ చిత్రం నిజంగా చేతులు మారిందని అవే చెబుతాయి. కడిగిన నోటులో బొమ్మ మిగులుతుంది, ఆ జాడ పోతుంది.

అభ్యాసం: పొకహాంటస్ బాప్తిస్మం 1613-14 ప్రాంతంలో జరిగింది, చాప్‌మన్ చిత్రాన్ని కాపిటల్‌లో ఉంచింది 1840లో. 20 డాలర్ల నోటును పై పద్ధతిలో పరిశీలించి పది వాక్యాలు రాయండి.