జిప్-జాప్ మెషిన్ నుండి క్యూఆర్ బోర్డు దాకా

ప్రత్యేక సంచికకు మన ఉద్యోగకాలపు జ్ఞాపకం ఏదైనా చరిత్రతో ముడిపెట్టి వ్రాయమని కార్యదర్శిగారు కోరారు. చిన్న దుకాణాలలో కార్డు చెల్లింపు ఎలా మొదలై ఎలా మారిందో, అందులో నేను చేసిన ఒక తప్పుతో సహా వ్రాస్తున్నాను.

కార్డు పుట్టింది అమెరికాలో. 1950లో డైనర్స్ క్లబ్ వచ్చింది. 1958లో బ్యాంక్ ఆఫ్ అమెరికా ఫ్రెస్నో పట్టణంలో ప్రారంభించిన కార్డే 1976లో వీసా అయింది. మన దేశంలో 1980లో సెంట్రల్ బ్యాంకు, మరుసటి ఏడాది మన ఆంధ్రా బ్యాంకు కార్డులు ఇచ్చాయి. 1923లో బందరులో పట్టాభిగారు స్థాపించిన ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది గాని, కార్డుల విషయంలో ముందు నడిచిన పేరు దానికి మిగిలే ఉన్నది.

ఆ రోజుల్లో దుకాణంలో కరెంటుతో గాని, ఫోనుతో గాని పనిలేని యంత్రం ఉండేది. కార్డును అందులో పెట్టి, పైన కార్బనుతో మూడు ప్రతుల ఛార్జి స్లిప్ ఉంచి, పిడి అటూ ఇటూ లాగితే కార్డు మీది ఉబ్బెత్తు అక్షరాలు స్లిప్పు మీద పడేవి. ఆ చప్పుడును బట్టే జిప్-జాప్ మెషిన్ అనేవారు. ఖాతాదారు సంతకం చేస్తే ఒక ప్రతి ఆయనకు, ఒకటి దుకాణానికి, ఒకటి బ్యాంకుకు. దుకాణదారు స్లిప్పులన్నీ శాఖకు తెస్తే కమీషను తగ్గించుకుని ఖాతాలో జమచేసేవాళ్ళం. స్లిప్పులు కార్డు ఇచ్చిన బ్యాంకుకు వెళ్ళి, అక్కడి నుండి ఖాతాదారుకు బిల్లు వెళ్ళేది.

ఇందులో రెండు జాగ్రత్తలుండేవి. ఫ్లోర్ లిమిట్ దాటితే ఫోను చేసి అనుమతి నంబరు తీసుకోవాలి. దాటకపోతే, పోయిన కార్డుల నంబర్లు అచ్చువేసిన బులెటిన్ చూసుకోవాలి. అందులో ఉన్న కార్డుకు సరుకు ఇస్తే నష్టం దుకాణదారుదే.

విజయవాడలో నేను పనిచేసిన శాఖ దగ్గర ఒక చిన్న బట్టల కొట్టు ఉండేది. నలుగురైదుగురు గుమాస్తాల కొట్టు. షావుకారుగారు వద్దు వద్దంటుంటే, బేరాలు పెరుగుతాయని చెప్పి మెషిన్ పెట్టించింది నేనే. 1990 సెప్టెంబరు చివర, అర్ధ సంవత్సరపు లెక్కల హడావుడిలో, కొత్త బులెటిన్ వచ్చింది. రేపు పంపుదామని సొరుగులో పెట్టాను. రెండు రోజులు అక్కడే ఉండిపోయింది. ఆ మధ్యలోనే ఎవరో దొంగిలించిన కార్డుతో ఆ కొట్లో 1,400 రూపాయల చీర కొన్నారు. నూటికి మూడు రూపాయల కమీషను పోను 1,358 జమ చేశాం. కొన్ని వారాలకు స్లిప్పు తిరిగి వచ్చింది. ఆ మొత్తం వారి ఖాతాలో ఖర్చు వ్రాశాం.

షావుకారుగారు శాఖకు వచ్చి, "నేను పాత పుస్తకం చూశాను సార్, అందులో ఆ నంబరు లేదు" అన్నారు. నాకు సంగతి తెలుసు. నోరు పెగలలేదు. వారం రోజుల తరువాత గాని ధైర్యం రాలేదు. జరిగింది మేనేజరుగారికి వ్రాసి ఇచ్చాను. నాకు మెమో వచ్చింది. మూడు నెలలకు ఆయన డబ్బు ఆయనకు జమ అయింది.

చెప్పడానికి వెళితే ఆయన మెషిన్ గుడ్డలో చుట్టి సిద్ధంగా ఉంచారు. "మీ మాట నమ్మి పెట్టుకున్నాను. డబ్బు వచ్చింది, సంతోషం. ఇది మాత్రం మీరే తీసుకుపొండి" అన్నారు. రిక్షాలో దాన్ని ఒళ్ళో పెట్టుకుని శాఖకు వచ్చాను.

తరువాత ఎలక్ట్రానిక్ మెషిన్లు వచ్చాయి. కార్డు గీయగానే నంబరు ఫోను తీగమీద దుకాణపు బ్యాంకుకు, అక్కడి నుండి వీసా వంటి సంస్థ ద్వారా కార్డు ఇచ్చిన బ్యాంకుకు వెళ్ళి, అనుమతి తిరిగి వస్తుంది. డబ్బు మాత్రం అప్పుడే రాదు. రోజు లెక్క ముగించాక బ్యాంకులు పరస్పరం లెక్క తేల్చుకుని జమ చేస్తాయి. కమీషనులో పెద్ద వాటా కార్డు ఇచ్చిన బ్యాంకుది. సొరుగులో మరచిపోవడానికి బులెటిన్ లేదు. 2012లో మన రూపే వచ్చింది. 2013 డిసెంబరు నుండి దుకాణాలలో డెబిట్ కార్డుకు పిన్ తప్పనిసరి అయింది. 2020 జనవరి 1 నుండి రూపే డెబిట్ కార్డుకు, యూపీఐకి దుకాణదారు కమీషను తీసివేశారు. క్రెడిట్ కార్డుకు మాత్రం కమీషను ఉన్నది. వంద రూపాయల మీద అయిదారు రూపాయలు మిగిలే కొట్టుకు అందులో రెండు పోవడం చిన్న సంగతి కాదు. అందుకే కొందరు చిన్న వ్యాపారులు కార్డు అనగానే ముఖం చిన్నబుచ్చుకుంటారు. వారిని కసురుకోకండి.

క్రిందటేడు విజయవాడ వెళ్ళినప్పుడు ఆ కొట్టుకు వెళ్ళాను. షావుకారుగారు లేరు. వారి అబ్బాయి గల్లాపెట్టె దగ్గర క్యూఆర్ బోర్డు, ప్రక్కన కార్డు మెషిన్ పెట్టుకున్నారు. మా శ్రీమతికి చీర తీసుకున్నాను. కార్డు జేబులోనే ఉన్నది గాని, నోట్లు లెక్కపెట్టి ఇచ్చాను.