బరువు తగ్గించే ఆపరేషన్లు – వెనకటి కథ, మన బరంపురం లెక్క

గంజాం చరిత్ర రాసుకుంటూ వస్తున్న మనం ఈసారి కొంచెం పక్కదారి పట్టి పొట్టలోకి వెళ్దాం. పండగ భోజనాలకి కలిసినా, సర్వసభ్య సమావేశానికి కలిసినా ఈ మధ్య మనవాళ్ళు అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. బరువు తగ్గే ఆపరేషన్లలో ఏది మంచిది, స్లీవా, బైపాసా?

1866లోనూ, మళ్ళీ 1888-89లోనూ తిండి లేక అల్లాడిన జిల్లా మనది. ఆ నేల మీదే ఇప్పుడీ ప్రశ్న. ఇందులో వెక్కిరింపు లేదు. షుగరు, బీపీ, నిద్రలో ఊపిరి ఆగిపోవడం వంటివి ముదిరినవాళ్ళకి ఇది సోకు కోసం చేయించుకునే పని కాదు. చర్మం కింద కొవ్వు లాగేసే లైపోసక్షన్ వేరు, ఇది వేరు.

ఈ ఆపరేషన్లలో చాలావరకు ముందుదాని లోపం దిద్దడానికి వచ్చినవే. 1954లో అమెరికాలోని మిన్నెసోటాలో క్రెమెన్, లిన్నర్ అనే సర్జన్లు చిన్నపేగులో చాలా భాగాన్ని తిండి దారి నుంచి తప్పించే పద్ధతి ప్రకటించారు. తిన్నది ఒంటికి పట్టదు కాబట్టి బరువు తగ్గేది. దాంతోపాటు ఆగని విరేచనాలు, కిడ్నీలో రాళ్ళు, కొందరికి లివరు పాడవడం. చివరికి దాన్ని వదిలేశారు.

అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ మరో సంగతి గమనించారు. అల్సరు కోసం పొట్టలో కొంత భాగం తీసేసిన ఆడవాళ్ళు మళ్ళీ లావెక్కడం లేదు. 1966లో ఆయన మొదలుపెట్టిందే గ్యాస్ట్రిక్ బైపాస్. తర్వాత స్విట్జర్లాండ్ సర్జన్ సీజర్ రూ పేరు మీదున్న వై ఆకారపు పేగు కలయిక దానికి చేరింది. ఇప్పుడు చేసేది ఇదే: పొట్ట పైభాగంలో రెండు పెద్ద చెంచాలు పట్టేంత చిన్న సంచీ చేసి, దానికి నేరుగా చిన్నపేగుని కలుపుతారు. షుగరు ఎక్కువగా ఉన్నవాళ్ళకి, ఛాతీలో మంట ఉన్నవాళ్ళకి సాధారణంగా ఇది మేలు. కానీ అరిసెలు, రసగుల్లాలు తింటే కొందరికి గుండె దడ, చెమటలు, కడుపునొప్పి పట్టుకుంటాయి. మోకాళ్ళ నొప్పులకి మందుల షాపులో అడిగి కొనుక్కునే బిళ్ళలు ఇక వద్దు, అతుకు దగ్గర పుండు పడుతుంది.

1980లలో పొట్ట చుట్టూ బిగించే బ్యాండు వచ్చింది. ఏదీ కోయక్కర్లేదు, కావాలంటే తీసేయొచ్చు అని బాగా పేరొచ్చింది. అయితే దాన్ని మాటిమాటికీ సరిచేయించుకోవాలి, ఒక్కోసారి జారిపోతుంది. చాలామందికి తీసేయాల్సి వచ్చింది.

స్లీవ్ కథ తమాషాగా ఉంటుంది. డ్యుయోడినల్ స్విచ్ అనే పెద్ద ఆపరేషన్లో ఇది మొదటి సగం. మరీ బరువున్న రోగికి ఒకేసారి అంతా చేయడం ప్రమాదమని 2000 ప్రాంతంలో న్యూయార్కులో మిషెల్ గాన్యే బృందం ముందు స్లీవ్ చేసి, మిగతాది తర్వాత చేద్దామనుకుంది. కొందరికి రెండో సగం అవసరమే పడలేదు! పొట్టలో సుమారు నాలుగింట మూడొంతులు తీసేసి అరటిపండు ఆకారంలో గొట్టం మిగులుస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోను ఎక్కువగా తయారయ్యేది తీసేసిన భాగంలోనే. పేగుల జోలికి పోదు కాబట్టి పని తేలిక. కానీ తీసిన పొట్ట తిరిగి రాదు, ఛాతీలో మంట పెరగొచ్చు.

ఇక మన లెక్క. 1923లో విశాఖలో వైద్య కళాశాల పెట్టేనాటికి గంజాం కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది. 1936లో ఒడిశాలో కలిశాం, 1962లో ఇక్కడే మెడికల్ కాలేజీ వచ్చింది. అయినా పెద్ద ఆపరేషన్ అంటే విశాఖ రైలెక్కే అలవాటు మనలో చాలామందికి పోలేదు. తప్పులేదు. కానీ కోసిన డాక్టరు అక్కడ, అర్ధరాత్రి వాంతులు ఇక్కడ. ఆపరేషనైన వారాల్లో వాంతులు ఆగకపోతే ఒంట్లో బి1 విటమిన్ అయిపోతుంది. మాట తడబడి, నడక తూలితే అది అత్యవసరం. బి1 ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే ఇంకా చెడుతుంది. ఆ రాత్రి చూసే బరంపురం డాక్టరుకి ఆపరేషన్ సంగతే తెలియకపోతే ఏం చేస్తారు? మనవాళ్ళు దీన్ని ఇంటి గుట్టులా దాస్తున్నారు, పెళ్ళి సంబంధాలున్న ఇళ్ళలో మరీను. బంధువులకి చెప్పకపోతే పోయె, డాక్టరుకి మాత్రం డిశ్చార్జి కాగితాలు చూపించండి.

ఐరన్, కాల్షియం, బి12 జీవితాంతం ఉండాల్సిందే. గుడ్డు, చేప ముట్టని ఇళ్ళలో బి12 ముందే తక్కువ. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ యాసిడ్‌ని కృత్రిమంగా తయారుచేసి 1945లో ప్రకటించింది. రక్తహీనతకి గొప్ప మందు. అయితే బి12 తక్కువైనవాళ్ళు అదొక్కటే మింగితే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, నరాలు మాత్రం లోపల పాడవుతూనే ఉంటాయి. అందుకే రక్తపరీక్ష రాయించుకునేటప్పుడు బి12 కూడా అందులో ఉందో లేదో చూసుకోండి.

స్లీవా, బైపాసా అన్నది మీ షుగరు, మీ ఛాతీ మంట, మీరు రోజూ మింగే బిళ్ళలు చూసి సర్జను చెప్పాలి. అడిగేటప్పుడు ఇంకొకటి కూడా అడగండి: ఇంటికొచ్చాక, ఏడాది తర్వాత, పదేళ్ళ తర్వాత నన్ను చూసేదెవరు?