కొండవీటి దుర్గం: నీటి వనరులు, రాజకీయ చరిత్ర

పల్నాడు జిల్లా యడ్లపాడు మండలంలో, గుంటూరు–చిలకలూరిపేట రహదారికి పడమరగా ఉన్న కొండల వరుస మీద కొండవీటి దుర్గం శిథిలాలు ఉన్నాయి. రెడ్డిరాజ్య స్థాపకుడు ప్రోలయ వేమారెడ్డి అద్దంకి రాజధానిగా పాలించగా, అతని కుమారుడు అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చాడు. మోటుపల్లి రేవు వర్తకులకు 1358లో అభయశాసనం ఇచ్చింది ఇతడే. ఓడ వ్యాపారం జరిగే తీరానికి అందుబాటులో ఉంటూ, ముట్టడికి తేలిగ్గా లొంగని చోటు కావడం ఈ ఎంపికకు కారణమని భావించవచ్చు.

గిరిదుర్గానికి గోడలెంత ముఖ్యమో నీరూ అంతే ముఖ్యం. కొండవీటి కొండపై ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు వాననీటిని పట్టి నిలిపేవి. దిగువన నీటి కొరత ఎంతటిదో ‘కొండవీటి చాంతాడు’ అనే నానుడే చెబుతుంది. పాలకులు ఆ లోటునూ పట్టించుకున్నారు. పెదకోమటి వేమారెడ్డి రాణి సూరాంబ ఫిరంగిపురం వద్ద సంతానసాగరమనే చెరువు తవ్వించినట్లు 1409 నాటి శాసనం తెలుపుతోంది. ఆ చెరువుకు నీరు చేర్చడానికి వారి కుమారుడు రాచవేముడు జగనొబ్బగండ కాలువ తవ్వించాడని 1415 నాటి అమీనాబాద్ శాసనం చెబుతోంది. ఈ శాసనాల రచయిత, పెదకోమటి వేముని కొలువులో విద్యాధికారిగా ఉన్న శ్రీనాథుడు.

1424 ప్రాంతంలో రాచవేముని పాలనతో ఇక్కడ రెడ్డిరాజుల ఏలుబడి ముగిసింది. పురుటి సుంకం విధించినందుకు ప్రజాగ్రహానికి గురై అతడు హతుడయ్యాడని స్థానిక కథనం. 15వ శతాబ్దం మధ్యనాటికి దుర్గం ఒడిశా గజపతుల వశమైంది.

శ్రీకృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరిని గెలిచాక నేరుగా కొండవీటి మీద పడలేదు. అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ, నాగార్జునకొండ, తంగెడ, కేతవరం దుర్గాలను ముందుగా పట్టుకున్నాడు. దీంతో కొండవీటికి ఇరుగుపొరుగు కోటల అండ లేకుండా పోయింది. ముట్టడి అనంతరం 1515 జూన్ 23న దుర్గం స్వాధీనమైంది. గజపతి కుమారుడు వీరభద్రుడు బందీగా చిక్కాడు. ఈ సీమ పాలన సాళువ తిమ్మరుసుకు, ఆపై అతని మేనల్లుడు నాదెండ్ల గోపమంత్రికి దక్కింది.

గోల్కొండ కుతుబ్‌షాహీలు 1531, 1536లలో దుర్గాన్ని పట్టినా, అది వారి చేతిలో స్థిరపడింది 1579 తర్వాతే. వారి హయాంలో దీనికి ముర్తుజానగర్ అనే పేరు వచ్చింది. 1752లో ఫ్రెంచివారికి, 1788లో గుంటూరు సర్కారుతో పాటు ఈస్టిండియా కంపెనీకి చేరింది. పాలన మైదానంలోని గుంటూరుకు తరలడంతో కొండ మీద సైన్యం నిలపాల్సిన అవసరం పోయింది.

ప్రస్తుతం కొలేపల్లి, నాదెళ్ల దర్వాజాలు, బురుజులు, గుళ్లు, ఒక మసీదు శిథిల రూపంలో మిగిలాయి. కొండ దిగువన గోపీనాథస్వామి ఆలయం ఉంది. దాన్ని స్థానికులు కత్తుల బావి అంటారు. కొండ మీద నీరు కోటను రాజధానిగా నిలబెట్టినా, చుట్టూ ఉన్న దుర్గాలు చేజారాక అది ఒంటరిగా నిలవలేకపోయిందని 1515 నాటి దండయాత్ర క్రమం సూచిస్తోంది.